చూద్దాం

ఎల్ ఆల్తోలో పొద్దున ఐదున్నరకి
రేడియో గదిలో వెచ్చగా ఉండేది కెటిల్ ఒక్కటే.
డాక్టర్ ఎడెల్మీరా అరుకిపా
చేతితొడుగులు తీయకుండానే
హేగ్ కోర్టు తీర్పుని బల్ల మీద పెట్టింది.
అంచుల నిండా పెన్సిల్ రాతలు,
ఒక పేజీ మీద గుండ్రటి కాఫీ మరక.
ఆమె స్పానిష్‌లో చెబుతుంది,
నేను ఐమారాలోకి తెస్తాను.
అదీ ఒప్పందం.

మొదటి పావుగంట ఆమె మాట మేఘాల్లోనే నడిచింది.
సద్భావన. ఏకపక్ష ప్రకటన. న్యాయబద్ధమైన అపేక్ష.
లారీ మీంచి గాజుసామాను దించినట్టు
ఒక్కొక్కటే కిందికి దించాను.
రెండు పగిలాయి.
ఎవరూ వినలేదనుకుంటాను.

అప్పుడు ఫోను మోగింది.
దోన్యా తొరీబియా, సరస్సు చేపలు వేయించి అమ్ముతుంది.
వెనకాల మినీబస్సు కుర్రాడు
"సెహా, సెహా, సెహా" అని గొంతు చించుకుంటున్నాడు.

"డాక్టరమ్మా, నాకు కోర్టుల సంగతి తెలీదు.
మా కొట్టు యజమాని ఒకడున్నాడు.
గోడ బీటలిచ్చింది, బాగు చేయించవయ్యా అంటే
చూద్దాం అన్నాడు.
వడగళ్ళ వాన పడ్డాక అడిగాను,
చూద్దాం అన్నాడు.
వాళ్ళ నాన్న మా అమ్మతోనూ అదే అన్నాడు.
ఇప్పుడు చెప్పు.
అన్నిసార్లు చూద్దాం అన్నవాడు
ఒక్కసారైనా చూసి తీరాలా, అక్కర్లేదా?"

స్పానిష్‌లోకి మార్చబోతే
డాక్టర్ చెయ్యెత్తి ఆపింది.
అది వాళ్ళమ్మ భాషే.
ఇరవయ్యేళ్ళుగా సభలకి వెంట తీసుకురాలేదు, అంతే.

తొడుగులు తీసింది.
"అదే," అంది, మైకుతో కాదు, కెటిల్‌తో అన్నట్టు.
"అచ్చంగా అదే కేసు."

ఆ తర్వాత ఐమారాలోనే చెప్పింది,
క్రియల దగ్గర తట్టుకుంటూ,
చిన్నపిల్లలా ఒక ప్రత్యయం కోసం వెతుక్కుంటూ:

"పదిహేనుమంది కూర్చున్నారు తల్లీ.
పన్నెండుమంది అన్నారు,
చూద్దాం అంటే చూద్దామనే, ఇస్తామని కాదు,
వందసార్లు అన్నా అది అప్పు కాదు అని.
ముగ్గురు ఒప్పుకోలేదు.
విని విని కాచుకున్న చెవికి
ఏ హక్కూ లేదనడం ఎలా అన్నారు.
నా మనసు ఆ ముగ్గురి దగ్గరుంది.
కానీ పన్నెండుమందీ వెర్రివాళ్ళు కాదు.
ప్రతి మర్యాద మాటా మెడకి చుట్టుకుంటే
రేపు పొరుగువాళ్ళు పలకరించుకోవడమే మానేస్తారు.
ఈ మాట చెబితే వీధిలో నన్ను తిడతారు.
అయినా చెప్పాలి కదా."

అటు వైపు నూనెలో చేప తిరగేసిన చప్పుడు.

"అయితే సముద్రం రాదు."

"కోర్టు దారిన రాదు."

"మరి నా గోడ?"

నూటనలభై ఏళ్ళ నాటి దుఃఖం మీద
ఆ గదిలో మొదటిసారి ఎవరో నవ్వారు.
నేనే అయ్యుంటాను.

"గోడకి కాగితం రాయించుకో," అంది డాక్టర్,
"తేదీ వేయించు. చూద్దాం అన్న మాట కొట్టేయించి
ఏ నెలలోపు అన్నది రాయించు.
మా పెద్దలు చేయలేకపోయింది అదే."

ఇంకో ఫోను. నౌకాదళంలో కొత్తగా చేరిన కుర్రాడట,
తితికాకా సరస్సు మీద పడవ తుడుస్తాడు.
ఉప్పునీళ్ళు మనిషిని ఎక్కువ తేలుస్తాయంటారు, నిజమేనా అన్నాడు.
"అది నా శాస్త్రం కాదు బాబూ," అందామె.
కాసేపాగి,
"ఒకసారి దిగాను, అవతలి దేశపు ఒడ్డున.
తేలాను. భయం మాత్రం తగ్గలేదు."

ఏడింటికి ఎర్రదీపం ఆరింది.
ఆమె తొడుక్కుంటుంటే కాగితాలు సర్దాను.
కాఫీ మరక ఉన్న పేజీలో, న్యాయబద్ధమైన అపేక్ష పక్కన,
కొత్తగా ఒకే మాట రాసి ఉంది: తొరీబియా.
కింద గీత.

ఆ రోజు నేను అనువదించింది పావుగంట.
జీతం గంటన్నరకీ ఇచ్చారు.
నేనేమీ అనలేదు.